ఆకుపచ్చ ఇంజన్ మీద మసి

చేతులకి తొడుగులు వేసుకోవాలట. ఫోన్ పెట్టేసి చాలాసేపయినా ఆ ఒక్క మాటే ఆమె చెవిలో గింగురుమంటోంది. ఆడపడుచు చెప్పిన మిగతావన్నీ, అన్నయ్య గంటలో వస్తాడని, లోపలికి కూడా రాడని, గుమ్మం దగ్గరే తీసుకుని వెళ్ళిపోతాడని, తను చేసిన నమూనా రైలింజన్ని అట్టపెట్టెలో దూది మధ్య పడుకోబెట్టి సిద్ధంగా ఉంచమన్నాడని, అవన్నీ ఎలాగో మింగింది. "వేలిముద్రలు పడతాయట వదినా, వార్నిష్ మీద. తెల్ల తొడుగులు సొరుగులో ఉన్నాయట, అవి వేసుకుని ముట్టుకోమన్నాడు. నన్నేం అనకు, చెప్పమన్నది చెప్పానంతే," అంది ఆ పిల్ల. పిల్లేమిటి, నలభై దాటిన మనిషి, అన్న మాట మోయడంలో మాత్రం ఇంకా పిల్లే. సరేనమ్మా అంది తను. ఎందుకంది సరేనని? ఇన్నేళ్ళూ ఈ చేతులతోనే వండించుకు తిని, జ్వరమొస్తే ఈ చేతులతోనే నుదుటిమీద తడిగుడ్డ వేయించుకుని, వేలికి టంకం కాలితే ఈ చేతులతోనే మందు రాయించుకుని, ఇప్పుడు ఈ వేళ్ళు తగిలితే ఆయనగారి ఇంజన్ మైలపడిపోతుందట. ఆయనగారు కాదు, అతను. ఆయన అనే మాట నాలుక మీదికి అలవాటుకొద్దీ వచ్చి కూర్చుంటోంది, దాన్ని లాగి పారేయాలి. అతను. అతగాడు. వాడు అనడానికి మాత్రం మనసులో కూడా ఇంకా నోరు రావడంలేదు, అందుకు తనమీద తనకే ఒళ్ళు మండుతోంది.

ఇంజన్ ఉన్న గదిలోకి వెళ్ళి తలుపు తీసింది. వీధివైపు కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ పనిబల్ల మీద పడుతోంది. ఈ గదికి ఇంకా అతని వాసనే, టంకం పొగ, టర్పెంటైన్, చల్లారిన టీ. ఉలులూ ఆకురాళ్ళూ శ్రావణాలూ అన్నీ పట్టుకుపోయాడు, మేకులకి వేలాడదీసిన చోట గోడమీద వాటి ఆకారాలు మాత్రం తెల్లగా మిగిలాయి. మిగతా ఇంజన్లన్నీ పట్టుకుపోయాడు. ఈ ఒక్కటీ ఎందుకు వదిలాడంటే దాని మీద అప్పుడే ఆఖరి వార్నిష్ పట్టించాడు, అది గట్టిపడేదాకా కదిలించకూడదు, దుమ్ము వాలకూడదు. అతను ఇల్లు వదిలి వెళ్ళిన రోజు పెట్టె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఆమెతో అన్న చివరిమాట ఏమిటంటే, వార్నిష్ ఆరుతోంది, అద్దాలపెట్టె మూత తియ్యకు. అంతే. ఇన్నేళ్ళ కాపురానికి అదీ వీడ్కోలు. మొగుడు కదిలిపోవచ్చుగానీ ఇంజన్ కదలకూడదు! అప్పుడు నవ్వొచ్చింది కూడా. పొయ్యి దగ్గరికి వెళ్ళి, ఏం వండాలో తెలియక, ఇద్దరికీ వండేసి, ఆ రెండోపూట చల్లబడ్డది తింటుంటే నవ్వు పోయి ఏడుపొచ్చింది. చలికాలం పోయింది, ఎండలు వచ్చాయి, ఈ ఆకుపచ్చ ఇంజన్ మాత్రం అద్దాలపెట్టెలో రాణిలా కూర్చుని ఈ ఇంటిని ఏలుతూనే ఉంది. తను రోజూ బయటినుంచి అద్దం తుడిచింది. అది తలుచుకుంటే చాలు, పళ్ళు పటపటలాడతాయి.

మూత తీసి, ఒట్టిచేతులతో ఎత్తి బల్ల మీద పెట్టింది. మోచేతినుంచి వేళ్ళకొసలదాకా ఉంటుంది పొడవు. ఇత్తడి రేకు కత్తిరించి, వంచి, ఒక్కో రివెట్ బొడిపెనీ వెనకనుంచి సూదితో నొక్కి లేపి కట్టిన బాయిలరు, పొట్టి పొగగొట్టం, వెనక డ్రైవరు నిలబడే గది, ఆ వెనక బొగ్గుపెట్టె. వీటి చుట్టూ మీగడరంగు గీతలు, వెంట్రుకంత సన్నం, వాటికి అటూఇటూ ఇంకా సన్నంగా నల్లగీతలు. నమూనా ఇంజన్లు చేసేవాళ్ళ క్లబ్బులో అందరూ అతన్ని గీతలాయన అనేవాళ్ళు. ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగం, ఇంట్లో ఇంజన్ల మీద గీసే ఉద్యోగం. గీత గీసేటప్పుడు ఇంట్లో ఎవరూ నడవకూడదు. ఊపిరి బిగబట్టి గీస్తాడు, అతనితోపాటు తనూ వంటింట్లో ఊపిరి బిగబట్టేది, గిన్నె చప్పుడైతే ఆ పూటంతా మొహం మాడ్చుకుని కూర్చుంటాడని. ఈ గీతల కోసమే కదా భూతద్దం కళ్ళజోడు కావాలని కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు! తనే వెంటపడి పంపించింది, చూపు పాడుచేసుకుంటున్నారు, ఒకసారి చూపించుకోండి అని. చూపించుకున్నాడు. మళ్ళీ చూపించుకున్నాడు. అద్దాలు సరిపోలేదని, ఫ్రేము బిగువైందని, ఎడమకన్ను గుంజుతోందని వారం వారం చూపించుకుని, చివరికి చూపు ఎంత బాగుపడిందంటే ఎదురుగా ఉన్న పెళ్ళాం కనిపించడం మానేసింది. ఈ మాట పనిచేసే ల్యాబులో తోటివాళ్ళకి చెప్పి నవ్వించింది తను. వాళ్ళు నవ్వారు, తనూ నవ్వింది, తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని చాలాసేపు నిలబడింది.

కింద అరలో ఆ డబ్బా ఉంటుందని ఆమెకి తెలుసు. పోయినసారి క్లబ్బు ప్రదర్శనలో అతనికి రెండో బహుమతిగా ఇచ్చినది, మూత విప్పనైనా లేదు. మురికి డబ్బా. అంటే ఇంజన్లకి మురికి పట్టించడానికి కావలసిన సరంజామా, నల్లపొడి, తుప్పు రంగుపొడి, బూడిదపొడి, నీళ్ళలో కలుపుకునే పల్చటి రంగులు, చివర్న అన్నిటినీ పట్టి ఉంచే మెరుపులేని వార్నిష్ స్ప్రే డబ్బా ఒకటి. మొదటి బహుమతి మసి బాబాయికి వచ్చింది. పెద్దాయన, ఎప్పుడూ గోళ్ళసందుల్లో నలుపు ఉంటుంది, అందరికీ బాబాయే. ఆయన ఇంజన్లన్నీ గూడ్సుబండి ఇంజన్లు, మసిపట్టి, నూనె కారుతూ, నిన్నటిదాకా పనిచేసి ఇప్పుడే షెడ్డులోకి వచ్చినట్టుంటాయి. ఆ రోజు బాబాయి అతని భుజం మీద చెయ్యేసి, "గీతలు అద్భుతంగా ఉన్నాయోయ్, కానీ నీ ఇంజన్ ఇంకా పుట్టలేదు," అన్నాడు. అంతే, ఇంటికొచ్చేదాకా బస్సులో నోరు మెదపలేదు, ఇంటికొచ్చాక మాత్రం ఆమె మీద విరుచుకుపడ్డాడు. "మురికి పూసుకోవడం ఒక పనా? గీత సరిగ్గా రానివాళ్ళు, అతుకు కనబడకుండా దాచుకునేవాళ్ళు చేసే పని అది. ఇంజన్ అంటే ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన మొదటిరోజు ఎలా ఉంటుందో అలా ఉండాలి. ఆ తర్వాత అంతా పాడవ్వడమే." ఆమె చొక్కాలు మడతపెడుతూ వింది. మొదటిరోజు ఎలా ఉందో అలా ఉండాలట. తను అప్పుడు తల ఎత్తి అద్దంలో చూసుకుందా? చూసుకుంది. చెంపలు నెరిసి, కళ్ళకింద నలుపు తేలి, ల్యాబు బల్ల మీద వంగీ వంగీ మెడ ముందుకొచ్చి. చూసుకుని మళ్ళీ చొక్కాలు మడతపెట్టింది.

అదిగో, డబ్బా. దుమ్ము ఊది మూత తీసింది. గుండె గబగబా కొట్టుకుంటోంది, తప్పుపని చేస్తున్నట్టు కాదు, చాలాకాలంగా చేయవలసిన పని చేస్తున్నట్టు. వస్తున్నావా, రా. తొడుగులు వేసుకోమన్నావుగా, రా, చూద్దువుగాని. వచ్చే ఆదివారం ప్రదర్శన, ఈసారి మొదటి బహుమతి మనదే అని ఊరంతా చెప్పుకుంటున్నాడట, ఆ సంగతీ ఆడపడుచే చెప్పింది. నీ గీతలూ నీ మెరుపూ నీ మొదటిరోజూ, అన్నిటి మీదా ఇవాళ మట్టి కొడతాను. నల్లరంగు గిన్నెలో పోసి నీళ్ళు కలిపి, వెడల్పాటి కుంచె నిండా ముంచి, బాయిలరు మీద ఆ చివరినుంచి ఈ చివరికి ఒక్క లాగు లాగింది. ఆహా. మళ్ళీ ముంచి మళ్ళీ లాగింది. పొగగొట్టానికి, పక్కలకి, ఆ మీగడరంగు గీతల మీద అడ్డంగా, నిలువుగా. చేతికి వచ్చిన పొడి వచ్చినట్టు గుప్పి చల్లింది. నోటికి వచ్చిన తిట్టు వచ్చినట్టు తిట్టింది కూడా, పైకే, ఎవరు విన్నా సరేనని. తిట్లు అయిపోయాయి. రొప్పుతూ వెనక్కి జరిగి చూసింది.

చూస్తే అసహ్యంగా ఉంది. ఇంజన్ కాదు, పని అసహ్యంగా ఉంది. అంతటా ఒకే నలుపు, పైన ఎంతో కిందా అంతే, చక్రాల మీద ఎంతో కప్పు మీదా అంతే. బురదగుంటలో ముంచి తీసిన బొమ్మలాగా ఉంది తప్ప వాడి వాడి మాసిన బండిలా లేదు. కొత్తగా చేరినవాళ్ళు చేసే పని ఇది. ల్యాబులో ఎవరైనా ఇలా చేస్తే తనే వాళ్ళ చేతిలోంచి కుంచె లాక్కునేది. ఆమె చేసేది పళ్ళు కట్టే పని. పింగాణీతో ఒక్కో పన్నూ మలిచి, దానికి రంగు వేసి, కొలిమిలో పెట్టి కాల్చి డాక్టర్లకి పంపడం. కొత్తవాళ్ళకి ఆమె మొదట చెప్పేమాట ఏమిటంటే, తెల్లగా పెట్టకండి, తెల్లటి పన్ను చచ్చిన పన్ను. పాతపన్ను అని పచ్చగా అంతా పులిమినా అంతే, టీలో నానబెట్టినట్టుంటుంది. పన్ను ఎక్కడ మాసిందో, ఎక్కడ అరిగిందో, ఎందుకు అరిగిందో తెలియాలి. చిగుళ్ళ దగ్గర కాస్త గోధుమరంగు, కొన దగ్గర గాజులా పల్చన, నమిలేవైపు చదును, ఒక సన్నటి బీట. ఒకసారి ఒక ముసలావిడ కట్టుడుపళ్ళు వెనక్కి తెచ్చి బల్ల మీద పెట్టి, "ఇవి నా పళ్ళు కావమ్మా, ఎవరో సినిమావాళ్ళవి. నావి ఇక్కడ కొంచెం వంకర ఉండేవి, ఆ వంకరకే మా ఆయన పడిపోయాడు," అంది. ఆ వంకర తెచ్చి పెట్టడానికి ఎన్నిసార్లు చేసిందో. చివరికి ముసలావిడ అద్దంలో నవ్వి చూసుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అలాంటి చేతులు ఇవి. ఇవాళ కోపంలో బురద పులిమాయి. నీ మీద పగ తీర్చుకోవడానికి నా పని చెడగొట్టుకోవాలా? అది జరగదు. తీర్చుకుంటే సరిగ్గానే తీర్చుకుంటాను.

పూసినదంతా ఆరకముందే గుడ్డతో ఒత్తి తీసేసి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంజన్ని ఈ వైపు తిప్పి, ఆ వైపు తిప్పి, ఇన్నేళ్ళలో మొదటిసారి దానికేసి తన పనిని చూసుకున్నట్టు చూసింది. ఎక్కడ మాస్తావు నువ్వు? ఎందుకు మాస్తావు? ఆ ప్రశ్నకి జవాబు తెలుసునని ఆమె చేతులకే ముందు గుర్తుకొచ్చింది. అసలు ఇంజన్ని చూసిందిగా తను. పాత ఇంజన్లు పడేసిన యార్డుకి పెళ్ళయిన కొత్తలో తీసుకెళ్ళాడు, కొత్తపెళ్ళాన్ని ఎవరైనా తీసుకెళ్ళే చోటా అది, కొలతలు తీసుకోవడానికి టేపు రెండో కొస పట్టుకునే మనిషి కావాలి గనక తీసుకెళ్ళాడు. అతను అంకెలు చెప్పుకుంటూ తిరిగాడు, ఫోటోలు తీశాడు, ఫోటోలో ఆమె చెయ్యి పడితే పక్కకి జరగమన్నాడు. ఆమె టేపు కొస పట్టుకుని నిలబడి చూస్తూ ఉండిపోయింది. ఎంత పెద్దది, ఎంత అలిసిపోయింది. కప్పు మీద మసి ఊరికే లేదు, పొగ వెనక్కి పోయే దారిన గొట్టం దగ్గర చిక్కగా, పోనుపోను పల్చగా ఉంది. ఆవిరి చీమిడిలా కారే చోట నీళ్ళు ఆరి తెల్లగా సున్నపు చార కట్టింది. బొగ్గుపెట్టె అంచులు పారలు తగిలీ తగిలీ రంగుపోయి ఇనుము తేలింది. అన్నిటికంటే, డ్రైవరు ఎక్కే చోట, మెట్టు పక్కన నిలువుకమ్మీ. చుట్టూ అంతా మురికి, ఆ కమ్మీ మాత్రం జానెడు మేర తళతళమంటోంది. ఏళ్ళకి ఏళ్ళు రోజూ ఒక చెయ్యి పట్టుకున్న చోటు. తను కూడా అక్కడ చెయ్యి వేసి చూసింది, సరిగ్గా సరిపోయింది. ఏమండీ, ఇది చూడండి అంది. ముట్టుకోకు, టేపు జారుతోంది అన్నాడు.

చేతులు మొదలుపెట్టాయి. చక్రాలనుంచి. చక్రాల నడుమ నూనె, నూనె మీద పేరుకున్న దుమ్ము, అక్కడ నలుపులో ఒక చుక్క గోధుమరంగు కలిపి, కుంచె కొనతో ఇరుసుల చుట్టూ తడిగా వదిలింది. పట్టాల మీద ఆనే అంచు మాత్రం తుడిచేసింది, ఇనుము రోజూ ఒరుసుకునే చోట మురికి నిలవదు. కింద పలకలకి బ్రేకుల తుప్పుపొడి, పైకి వచ్చేకొద్దీ తగ్గిస్తూ, వేలితోనే అద్దింది. అవును, వేలితోనే, రాసిపెట్టుకో. పళ్ళెం మీద ఒక సన్నకుంచె, ఒక దూది పుల్ల, అరిగిన టూత్ బ్రష్షు, అన్నీ ల్యాబు అలవాట్లే, చిన్న చిన్న దెబ్బలతో, ఒకటి వేసి ఆగి చూసి ఇంకొకటి. బాయిలరు పక్క వాననీటి జాడలు, పైనుంచి కిందికి మాత్రమే, ఒక్కో రివెట్ కిందా ఒక్కో పొట్టి గీత. గీత అంటే నీకే వచ్చనుకున్నావు. ఆకుపచ్చ కనబడకుండా పోలేదు, మురికిలోంచి ఇంకా లోతుగా కనబడుతోంది, ఆ మీగడరంగు గీతలు అక్కడక్కడ మసకబారి, అక్కడక్కడ తేలి, ఇప్పుడే వాటికి అర్థం వచ్చినట్టుంది. ఆ సంగతి ఆమెకి నచ్చలేదు. బాగుండకూడదు కదా ఇది. ఇది శిక్ష కదా. అయినా చెయ్యి ఆగలేదు. సున్నపు చార వేసేటప్పుడు నాలుక పళ్ళ మధ్య పెట్టుకుంది, ఒక్క వణుకు వణికినా చార కాస్తా మరక అయిపోతుంది, వణకలేదు. ఇంట్లో ఎవరూ నడవకూడదని ఎవరికీ చెప్పలేదు. పై అంతస్తులో ఎవరో కుర్చీ లాగారు, వీధిలో బండి హారన్ కొట్టింది, వాటి దారి వాటిదే, చార మాత్రం తిన్నగా దిగింది.

చేస్తూ చేస్తూ అతని మొహం ఊహించుకుంటూనే ఉంది. గుమ్మంలో నిలబడి పెట్టె మూత తీస్తాడు. మొదట తెల్లబోతాడు, తర్వాత ఎర్రబడతాడు, నుదుటిమీద ఆ నరం లేస్తుంది. ఏం చేశావే అని అరుస్తాడు, అరవనీ, పై అంతస్తు వాళ్ళూ కింది అంతస్తు వాళ్ళూ వింటారు. అప్పుడు తను చాలా నెమ్మదిగా, చాలా మర్యాదగా అంటుంది, బండి వాడకంలో మాసిందండీ, మనుషులూ అంతే అని. కాదు, అది మరీ నాటకంలా ఉంది. ఏమీ అనదు. తలుపు వేస్తుంది మొహం మీద. లేకపోతే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళి చూపించండి, కళ్ళు బాగు చేసినావిడ దీన్నీ బాగుచేస్తుందేమో అంటుంది. అది బాగుంది. అది అనాలి. ప్రదర్శనలో వాడి బల్ల ఖాళీగా ఉంటుంది. వాడి. వచ్చింది, నోటికి వచ్చింది! ఎంత హాయిగా ఉంది ఆ మాట. వాడి బల్ల ఖాళీగా ఉంటుంది, మసి బాబాయి వచ్చి ఏమైందోయ్ అంటాడు, ఏం చెబుతాడు, మా ఆవిడ నా ఇంజనుకి మసి పూసింది అంటాడా? మా ఆవిడ అనడానికి మొహం ఎక్కడుంది? నవ్వొచ్చి చెయ్యి కదిలిపోబోతే ఆపుకుంది.

నిలువుకమ్మీ ఆఖరుకి ఉంచింది. మొత్తం మసి పట్టించి, దాని మీద చిన్న దూది పుల్లకి నీళ్ళు అద్దుకుని, నడుమ భాగం మాత్రం, ఒక చెయ్యి పట్టేంత మేర, మెల్లగా తుడిచి మెరిపించింది. అంతే. చుట్టూ ఉన్న మురికంతా ఆ మెరుపు చుట్టూ చేరి ఒక్కసారిగా బండి అయిపోయింది. అక్కడ ఎవరో ఉన్నారు. ఇప్పుడే దిగి టీ తాగడానికి వెళ్ళారు, వస్తారు. ఆమె కుంచె కింద పెట్టేసింది. ఇన్నేళ్ళు ఈ గది గుమ్మం బయట నిలబడి, టీకప్పు అందించి, కప్పు తీసుకెళ్ళి, లోపల జరిగేది గొప్పపని, తనది పళ్ళు అతికే పని అనుకుంది. అతను అలా అనుకోనిచ్చాడు. ల్యాబు పని గురించి ఒక్కసారి, ఒక్కసారైనా, ఇవాళ ఏం చేశావు అని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేది. పక్కన కూర్చుని చేసేది. ఎన్ని ఇంజన్లు చేసి ఉండేవాళ్ళు ఇద్దరూ! ఆ ఆలోచనకి కోపం తగ్గాల్సింది, తగ్గలేదు, ఇంకో మెట్టు ఎక్కింది. మనిషిని వదిలేసినందుకు కాదు, మనిషిలో ఏముందో మూత తీసి చూడనైనా చూడకుండా వదిలేసినందుకు.

ఇక మెరుపులేని వార్నిష్ పట్టించడం ఒక్కటే మిగిలింది. డబ్బా మీద రాసి ఉంది, ఇది పట్టించేదాకా కింది పొడులూ రంగులూ నిలవవు, తడి తగిలితే ఊడి వచ్చేస్తాయి, పట్టించాక మాత్రం ఇక దేనికీ పోవు. ల్యాబులోనూ అంతే, రంగు వేసిన పన్ను కొలిమిలోకి వెళ్ళేదాకా తడివేలు తగిలినా తుడుచుకుపోతుంది, కాలాక ఇక జన్మకి పోదు. కాల్చాలి ఇప్పుడు. కాలిస్తే అతని పచ్చటి మెరుపు శాశ్వతంగా సమాధి. డబ్బా చేతిలోకి తీసుకుని కిటికీ తెరిచి, బాగా కలిసేలా ఊపుతోంది, లోపలి గోళీ టకటకమంటోంది, అప్పుడే గంట మోగింది. చెప్పినదానికంటే ముందే వచ్చాడు. ఇంజన్ కోసం కదా, తనకోసం ఎన్నడైనా ముందొచ్చాడా? డబ్బా బల్ల మీద పెట్టి, నల్లటి చేతులు నల్లగానే ఉంచుకుని వెళ్ళి తలుపు తీసింది.

కాస్త చిక్కాడు. చొక్కా ఇస్త్రీ బాగుంది. అరచేతుల్లో ఖాళీ అట్టపెట్టె, ఆమె దగ్గర సరైనది ఉండదని వెంట తెచ్చుకున్నట్టున్నాడు. "సర్దేశావా?" అన్నాడు ఆమె భుజం మీదుగా లోపలికి చూస్తూ. "లేదు. బల్ల మీదే ఉంది. వచ్చి చూసుకోండి." లోపలికి రానన్నవాడు చెప్పులైనా విప్పకుండా ఆమెకంటే ముందే ఆ గదిలోకి నడిచాడు. ఆమె వెనకే వెళ్ళి గుమ్మంలో నిలబడింది. ఇదిగో, ఇప్పుడు. ఇప్పుడు అరుస్తాడు. డాక్టరమ్మ మాట నాలుక కొన మీద సిద్ధంగా ఉంది.

అరవలేదు. అట్టపెట్టె చేతిలోంచి జారి నేల మీద పడింది, దాన్ని తీయలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి, వంగి, ఇంకా వంగి, చివరికి నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు బల్ల అంచుతో సమానం చేసుకుని చూస్తున్నాడు. కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. చక్రాలనుంచి పైకి, పైనుంచి వెనక్కి, ఒక్కో అంగుళం. నిలువుకమ్మీ దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు అక్కడే. వేలు ముందుకి చాపి, తాకకుండా వెనక్కి తీసుకున్నాడు. అతని గొంతు పైకీ కిందికీ కదలడం ఆమెకి కనబడింది. ఇన్నేళ్ళలో తనని చూస్తూ అతను అలా గుటక వేసినట్టు ఆమెకి గుర్తులేదు.

"బతికొచ్చిందే," అన్నాడు ఎవరితోనో. తర్వాత, "ఎవరు చేశారు? బాబాయిని పిలిపించావా?"

"నేనే."

అతను తల తిప్పి చూశాడు. ముందు ఆమె చేతులకేసి, తర్వాత మొహంకేసి. "నువ్వా? ఈ సున్నపు చార ఫోటోల్లో ఎక్కడా లేదే."

"ఫోటోల్లో లేదు. యార్డులో ఉంది. మీరు కొలతలు తీసుకుంటుంటే నేను చూశాను."

అతను లేచాడు. మొహం వెలిగిపోతోంది, ఆ వెలుగు ఆమెకి తెలుసు, పెద్ద గీత గీయడం పూర్తయినప్పుడు వచ్చే వెలుగు. గబగబా మాట్లాడటం మొదలుపెట్టాడు. "దీన్ని ఇలాగే తీసుకెళ్తాను. పై వార్నిష్ ఇంకా కొట్టలేదుగా, మంచిపని చేశావు, నేను కొడతాను, ఎంత దూరంనుంచి కొట్టాలో నీకు తెలియదు. ఈసారి బాబాయి నోరు మూతపడాలి. ఇంకా పుట్టలేదన్నాడుగా! నేను మారానని చెబుతాను, మురికి కూడా నేర్చుకున్నానని... నీ పేరు కూడా వేయిస్తాలే, కింద, సాయం అని." నేలమీది అట్టపెట్టె తీసి, సంతోషంగా అందులో దూది సర్దుతున్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పి మెత్తటి గుడ్డ తడిపి, పిండి, తిరిగి వచ్చింది. చేతులు తుడుచుకుంటుందనుకున్నాడో ఏమో, పట్టించుకోలేదు. ఆమె ఇంజన్ని ఎడమచేత్తో ఎత్తి గుండెకి ఆనించుకుని పొగగొట్టం దగ్గర మొదలుపెట్టింది. ఒక్క తుడుపుకి మసి అంతా గుడ్డలోకి వచ్చేసింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్! ఆగు, ఆగవే!" రెండడుగుల్లో వచ్చి చేతులు చాపాడు, చాపి గాలిలో ఆగిపోయాడు. లాక్కుంటే గొట్టం విరుగుతుంది, కమ్మీలు వంగుతాయి, అతనికంటే ఆ సంగతి ఎవరికి బాగా తెలుసు. ఇంజన్ చుట్టూ, ఆమె చుట్టూ, గాలిని పట్టుకున్నట్టు చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "వద్దు. నీకు దణ్ణం పెడతాను, వద్దు." ఆమె తుడుస్తోంది. కప్పు అయింది, బాయిలరు అయింది, వాననీటి జాడలన్నీ ఒక్కసారిగా పోయాయి. సున్నపు చార దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎంత తిన్నగా దిగింది ఇది. ఇంత బాగా ఇంకెప్పుడైనా వస్తుందో రాదో. తుడిచేసింది. కమ్మీ మీద ఒక్క తుడుపు తుడిస్తే అంతా మెరుపే, ఏ చెయ్యీ పట్టుకోని మెరుపు. చక్రాల సందుల్లో దూది పుల్ల పెట్టి, తన ల్యాబులో బయటికి పంపేముందు చేసినట్టే, ఓపిగ్గా ఒక్కో సందూ తీసింది. అతను అరవడం మానేసి చూస్తున్నాడు. మధ్యలో ఒకసారి కళ్ళు మూసుకున్నాడు కూడా.

పొడిగుడ్డతో ఆఖరిసారి ఒత్తి, అట్టపెట్టెలో దూది మధ్య పడుకోబెట్టి, పెట్టె అతని చేతుల్లో పెట్టింది. ఆకుపచ్చ తళతళలాడిపోతోంది, మీగడరంగు గీతలు వెంట్రుకంత సన్నంగా, ఒక్కటి కూడా చెదరకుండా. "చూసుకోండి. మీరు ఎలా వదిలి వెళ్ళారో అలాగే ఇస్తున్నాను. ఎక్కడైనా తేడా ఉంటే ఇప్పుడే చెప్పండి."

అతను చూశాడు. ఎంత వెతికినా తేడా ఏమీ లేదు. తన ఇంజనే, తను కోరుకున్నట్టే, ఫ్యాక్టరీలోంచి వచ్చిన మొదటిరోజులాగే. పెట్టె చేతుల్లో పెట్టుకుని గుమ్మందాకా నడిచి, మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఫోటో అయినా తీసుకున్నావా?"

"లేదు. మీరు చూశారుగా."

అతని మొహం చూసింది. తను ఇంతసేపూ ఊహించుకున్న మొహాల్లో ఇది లేదు. దానికేసి తనివితీరా చూసి, ఆ తర్వాత తలుపు వేసింది.